వజ్రం రుద్దిన సూది

నా తోడికోడలు మా ఇంటికి వచ్చి ఏడాది తిరగకముందే నా థీసిస్ చదివింది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమె. నేను సంతోషించాల్సింది. సంతోషించలేదు.

మాది కడపలో వ్యాపారుల వీధి. కింద అంగడి, పైన ఇల్లు. అంగడిలో పసుపు, శొంఠి, పటిక, కర్పూరం, కరక్కాయ లాంటివి అమ్ముతారు. నా భర్త, మరిది కలిసి చూసుకుంటారు. నేను ఊళ్లోనే ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. నేను పుట్టింది కర్నూలుకు పడమర, తుగ్గలి దగ్గర ఒక పల్లెలో. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు డబ్బులను దుడ్లు అన్నానని అత్తమ్మ వారం రోజులు నవ్వింది. నా తోడికోడలిది బనగానపల్లె. వాళ్ల నాయనకు మామిడి తోటలున్నాయి. ఆమె రసాయన శాస్త్రంలో డిగ్రీ చదివి, ఇంకా చదవాలని ఉన్నా పెళ్లి కుదరడంతో ఆపేసింది.

నా థీసిస్ సంగతి కొంచెం చెప్పాలి. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఐరోపాలో కొందరు పండితులుండేవారు. వాళ్లను పూర్తిగా శాస్త్రవేత్తలు అనలేం, మాంత్రికులనీ అనలేం. అయస్కాంతాలు, అద్దాలు, మందులు, రంగులు, చెట్లకు అంట్లు కట్టడం, అన్నీ ఒకే పుస్తకంలో రాసేవారు. ఆ విద్యకు ఇంగ్లీషులో నాచురల్ మాజిక్ అని పేరు. మన మాటల్లో చెప్పాలంటే దెయ్యంతో పనిలేని మాయ. ప్రకృతిలో దాగి ఉన్న గుణమేదో పట్టుకుని, దానితో చూసేవాళ్లు నోరు తెరిచేలా చేయడం. పాత గ్రంథాల్లో ఉన్నది నమ్మకుండా తామే చేసి చూడాలన్న తపన వాళ్లలో మొదలైంది. అయితే చేసి చూసినవాటి పక్కనే చూడనివి కూడా నిజమన్నట్టే రాసేశారు. ఆ కలగలుపు మీద నేను ఏళ్ల తరబడి చదివి, రాసి, పట్టా పుచ్చుకున్నాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. ఆ గ్రంథం మా గదిలో అలమర పై అరలో ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒంటిమిట్టకు బస్సులో పోతూ నా భర్తకు అందులో ఏముందో వివరించాను. చెప్పడం ముగించి పక్కకు చూస్తే ఆయన నిద్రపోతున్నాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే వంటింట్లో నవ్వులు వినిపించాయి. లోపలికి పోయి చూశాను. గట్టు మీద మిక్సీ పక్కన నా థీసిస్ తెరిచి ఉంది. పుటలు మూసుకుపోకుండా గరిటె అడ్డం పెట్టారు. నా తోడికోడలు పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతానికి వెల్లుల్లి రెబ్బ రుద్దుతోంది. అత్తమ్మ, పక్కింటి కోడలు వంగి చూస్తున్నారు.

"అక్కా, వచ్చినావా! ఇట్ల రా," అంది ఆమె. "నీ పుస్తకంలో తెల్లగడ్డ సంగతి ఉండాది గదా, అది నిజమో అబద్ధమో చూస్తాండాం."

వెల్లుల్లి రుద్దితే అయస్కాంతానికి శక్తి పోతుందని వెనకటి గ్రంథకర్తలు ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు. దిక్సూచి దగ్గర ఓడవాళ్లు వెల్లుల్లి తినకూడదని కూడా అనేవారు. ఇటలీలోని నేపుల్స్ పండితుడొకాయన ఆ మాట నమ్మక, అయస్కాంతానికి వెల్లుల్లి రసం పూసి, ఏమీ కాలేదని రాశాడు. నా రెండో అధ్యాయంలో దాని మీద పెద్ద చర్చే చేశాను.

ఆమె గుండుసూదుల దగ్గరకు అయస్కాంతం తెచ్చింది. వెల్లుల్లి వాసనతో సహా సూదులన్నీ ఎగిరి అతుక్కున్నాయి.

"రోంత కూడా తగ్గలే సూడు!" అని అత్తమ్మ చప్పట్లు కొట్టింది. "అది రాసినోళ్లు ఒక్కరన్నా రుద్ది చూడలేదంటనా ఇన్నేండ్లు?"

"అత్తమ్మా, అదే అక్క రాసింది! అచ్చం నీ మాదిరే అడిగింది," అంది నా తోడికోడలు.

నన్ను పొగిడిందనే ఇంట్లో అందరూ అనుకుని ఉంటారు. నా మెడ వెనక మాత్రం వేడిగా ఏదో పాకింది. ఏళ్ల పాటు వెల్లుల్లి గురించి రాసిన నేను ఒక్కసారి కూడా రెబ్బ ఒలిచి రుద్ది చూడలేదు. మా వంటింట్లో వెల్లుల్లి బుట్ట నిండా ఉంటుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. తలనొప్పిగా ఉందని గదిలోకి పోయి పడుకున్నాను. గోడ అవతల నవ్వులు సాగుతూనే ఉన్నాయి.

అప్పటి నుంచి మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. ఆమె ఇంగ్లీషు అంత ధారాళంగా చదవలేదు. తెలియని మాటలను ఫోన్‌లో వెతుక్కుంటూ మధ్యాహ్నమంతా కూర్చుని చదివేది. సాయంత్రానికి ఏదో ఒకటి తయారుగా పెట్టేది. అంగడిలోని పసుపుతో కాగితానికి రంగు వేసి, సున్నపు నీళ్లతో దాని మీద ఎర్రటి అక్షరాలు తెప్పించింది. నిమ్మరసంతో రాసిన మాటలను పెనం మీద వేడి చేసి బయటికి రప్పించింది. అత్తమ్మ టీవీ సీరియల్ మానేసి ఆమె పక్కన పీట వేసుకునేది. మా మరిది అంగడి నుంచి ముందుగా వచ్చేవాడు. ఒకరోజు అన్నం తింటూ నా భర్త నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది.

"ఇంత మజా ఉండాదా నీ పుస్తకంలో? ఎప్పుడూ చెప్పనే లేదే నువ్వు!"

ఒంటిమిట్ట బస్సు గుర్తుచేయాలనిపించింది. గుర్తుచేస్తే ఆయన నవ్వేస్తాడు, నేను ఏడుస్తాను. చారు వడ్డించుకున్నాను.

అంట్లు కట్టే అధ్యాయం చదివిన రోజు ఆమె వాళ్ల నాయనకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. కొమ్మకు కొమ్మ అంటు కట్టి, టెంక లేని పండు కాయించవచ్చని ఆ పండితులు రాశారని చెప్పింది.

"టెంక లేని మామిడి కాయిస్తాడంటనా ఆ సామి?" అన్నాడు ఆయన అవతలి నుంచి. "మా తోటకు రమ్మను పాపా, ఆయప్పను కూలికి పెట్టుకుంటా!"

ఇల్లంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఇంకో సంగతి తోచింది. ఆమె చిన్నప్పటి నుంచి తోటలో కత్తి పట్టి, కొమ్మ కోసి, నార చుట్టి పెరిగింది. ఆమె చేతులకు పని తెలుసు. నా చేతులకు పుట తిప్పడం తెలుసు. ఈ తేడాను ఎవరూ ఎత్తిచూపలేదు. అయినా నేను రాత్రీ పగలూ దాన్నే తవ్వుకుంటూ ఉండేదాన్ని. ఆమె కూర బాగా చేసినా, ముగ్గు వంకర లేకుండా వేసినా నాకు నొప్పిగా ఉండేది. ఆమె మంచిది. అదే నాకు పెద్ద కష్టం. చెడ్డదైతే ఎవరికైనా చెప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున ఆమె నా దగ్గరకు థీసిస్ పట్టుకుని వచ్చింది.

"అక్కా, వజ్రంతో రుద్దిన సూది కూడా ఉత్తరం దిక్కు చూస్తుందని ఆ నేపుల్స్ ఆయన రాసినాడంట గదా. చూద్దామా?"

"వజ్రం యాడ దొరుకుతుంది నీకు?" అన్నాను, ఆమె యాసలోకే దిగి.

ఆమె అత్తమ్మ ముక్కు వైపు చూసింది.

అత్తమ్మ ముక్కుపుడక సంగతి మా బంధువులందరికీ తెలుసు. పెద్ద వజ్రం కాదు గానీ నీళ్లలా ఉంటుంది. వాళ్లమ్మ పెట్టింది. పోయిన ఏడు స్కానింగు సెంటర్‌లో దాన్ని తీస్తే గానీ స్కాన్ చేయం అన్నారు. నేను ఎంత బతిమాలినా అత్తమ్మ తీయలేదు. స్కాన్ లేకుండానే ఇంటికి వచ్చేశాం. అలాంటిది నా తోడికోడలు అడగ్గానే, "కొబ్బరినూనె తేమ్మే, బిగుసుకోని ఉంటుంది," అని అద్దం ముందు కూర్చుంది. కాసేపు తిప్పలు పడి, ముక్కు ఎర్రబడినా, ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టింది.

నేను వాకిలి పట్టుకుని నిలబడి చూశాను. ఆ అరచేయి నాది కాదు. అంతకు మించి నాకేమీ కనబడలేదు.

"రాయి అరగదా?" అని అత్తమ్మ అడిగింది.

"అరిగితే సూదే అరుగుతాది అత్తమ్మా, వజ్రం అరగదు."

ఆమె బట్టలు కుట్టే సూదిని వజ్రం మీద ఒకే వైపుగా చాలాసార్లు రుద్దింది. థర్మోకోల్ ముక్కకు దాన్ని గుచ్చి, పళ్లెంలో నీళ్ల మీద వదిలింది. ముక్క మెల్లగా కదిలి, తిరిగి, నిలిచింది. మా మరిది ఫోన్‌లో దిక్కులు చూశాడు. ఉత్తరం. పళ్లెం పక్కకు తిప్పినా సూది మళ్లీ అక్కడికే వచ్చింది.

"నా వజ్రం!" అని అరిచింది అత్తమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాయమ్మ ఊరికే పెట్టలేదు నాకు దీన్ని!"

"అది తప్పు," అన్నాను నేను.

గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. ఆ మాట అనడంలో నాకు ఎంత ఆనందం కలిగిందో దాచను. "ఆ నేపుల్స్ ఆయన రాసింది తప్పు. ఆయన తర్వాత ఇంగ్లండులో ఒక డాక్టరు చాలా వజ్రాలు తెప్పించి, పదిమంది ముందు పరీక్ష చేసి, ఒక్కటి కూడా పనిచేయదని తేల్చాడు. అది కూడా నా పుస్తకంలో ఉంది. తర్వాతి అధ్యాయంలో."

"ఏం తప్పు?" అంది అత్తమ్మ. "కండ్ల ముందర తిరిగింది గదా!"

నా తోడికోడలు మాత్రం వాదించలేదు. పళ్లెం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "మరి ఇది ఎందుకు తిరిగిందక్కా?" అని అడిగింది.

"ఆయన తేల్చాడు" అని మళ్లీ అన్నాను.

"ఆయన తేల్చినాడు లే. ఈడ తిరిగింది గదా, అదెందుకు?"

పొగరుగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఇంకా కోపమొచ్చింది. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. కూర్చోబుద్ధి కాలేదు. ఆ ఇంగ్లండు డాక్టరు ఎలా చేశాడో నేను రాసిన పుటలన్నీ మనసులో తిరగేశాను. ఒకే సూదిని నమ్మకూడదు. ఒకే రాయిని నమ్మకూడదు. ఉన్నట్టుండి ఒకటి తట్టి, తలుపు తీసుకుని బయటికి వచ్చాను. వాళ్లింకా పళ్లెం చుట్టూనే ఉన్నారు.

"వజ్రం రుద్దని సూదిని వేసి చూడు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. వెంటనే అర్థమైంది ఆమెకు. మొదటి సూది తీసిన డబ్బాలోంచే ఇంకో సూది తీసి, ఏమీ రుద్దకుండా, నీళ్ల మీద వదిలింది. అది కూడా తిరిగి ఉత్తరం వైపే నిలిచింది.

నేను చేసిన మొదటి ప్రయోగం అది, చేతులు ఆమెవే అయినా. ఒళ్లంతా పులకరించింది. అయితే ఆ సంతోషం ఎంతోసేపు నాది కాలేదు. ఆమె డబ్బా తలకిందులు చేసింది. సూదుల కింద నుంచి స్పీకరు అయస్కాంతం ఠక్కున పడింది.

"అయ్యో, నేనే గదక్కా! తెల్లగడ్డ రోజు నుంచి దీన్ని ఈ డబ్బాలోనే పెట్టినా. సూదులన్నిటికీ దాని శక్తి అంటుకుంది!" అని పగలబడి నవ్వింది. ఆమెతో పాటు అందరూ నవ్వారు.

అలాంటి పొరపాటు నేను చేసి ఉంటే నెల రోజులు తల ఎత్తుకోలేకపోయేదాన్ని. ఆమె తన తప్పును తానే పట్టుకుని, దాన్ని కూడా ఇంటికి పండగ చేసింది. ఆ గుణాన్ని చూసి కూడా కుళ్లుకున్నాను.

అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు. ముక్కుపుడక చీరకొంగుతో తుడుచుకుంటూ, "అంటే నా వజ్రానికి ఏ మహిమా లేదంటావా?" అంది దిగులుగా.

"ఒక్క వజ్రంతో తేల్చకూడదత్తమ్మా. అక్క చెప్పింది గదా, ఆ ఇంగ్లండాయన శానా వజ్రాలు తెచ్చినాడంట."

అత్తమ్మ ముఖం వెలిగింది. "వజ్రాలకేం తక్కువ మన వీధిలో?" అంది.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం మా హాలు ఆడవాళ్లతో నిండిపోయింది. అత్తమ్మ పిలిస్తే రానివాళ్లు మా వీధిలో లేరు. కమ్మలు, ముక్కుపుడకలు, ఒక ఉంగరం. ఎవరి రాళ్లు వాళ్లే పట్టుకుని, వంతు కోసం చాపల మీద కూర్చున్నారు. నా తోడికోడలు కొత్త సూదుల పొట్లాలు తెప్పించింది. అయస్కాంతాన్ని కింద అంగడిలో పెట్టించింది. రుద్దకముందు ప్రతి సూదినీ నీళ్ల మీద వేసి, ఎటూ తిరగనివే ఏరి పెట్టుకుంది. ఒక్కో వజ్రానికి ఒక్కో సూది.

నేను ఊరుకోలేకపోయాను. వాళ్లకు ఆ నేపుల్స్ పండితుని కథ, ఇంగ్లండు డాక్టరు కథ చెప్పాను. మేకరక్తంలో నానబెడితే వజ్రం మెత్తబడుతుందని ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులు నమ్మేవారంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు. మా పల్లెలో తొలి వాన పడగానే జనం పనులు మానుకుని, చేలల్లో తల వంచుకుని వజ్రపు రాళ్లు వెతుకుతారని, చిన్నప్పుడు మా అమ్మతో నేనూ తిరిగానని చెప్పాను. వజ్రాల గురించి మాట్లాడే హక్కు ఆ గదిలో ఎవరికైనా ఉందంటే అది నాదే అనిపించింది.

సూదులు ఏవీ తిరగలేదు. తలా ఒక దిక్కు చూస్తూ నీళ్ల మీద తేలాయి. "మాది తాతల కాలం నాటి వజ్రం, ఇంకోసారి రుద్దు," అని ఒకామె పట్టుబట్టింది. ఇంకోసారి రుద్దినా అంతే. ఇంకొకామె కమ్మ మీద సూది ఆడించేటప్పుడు రాయి మీద సన్నటి గీత పడింది. నా తోడికోడలు అది చూసి, చెంగుతో తుడుస్తున్నట్టు రాయిని కప్పేసి, "మీది కూడా తిరగలే పెద్దమ్మా," అని మామూలుగా ఇచ్చేసింది. అసలు వజ్రం మీద సూది గీత పడదు. ఆ గీత చూసింది మేమిద్దరమే. నేనైతే ఆ నిమిషంలో అలా చేయగలిగేదాన్నని అనుకోను.

పక్కింటి కోడలు అంతా ఫోన్‌లో తీసి వీధి గ్రూపులో పెట్టింది. అందులో నీళ్ల పళ్లెం ఉంది, నా తోడికోడలి చేతులున్నాయి, ఆమె గొంతు ఉంది. నేను ఎక్కడా లేను. ఒక చోట ఎవరో దగ్గడం వినిపిస్తుంది. అది నేనే.

ఆ వీడియో చేతులు మారి మా ప్రిన్సిపాల్‌కు చేరింది. ఆయన స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అన్నాడు:

"మీ ఇంట్లో ఇంత మంచి పరిశోధకురాలు ఉందని చెప్పలేదే మేడమ్! సైన్స్ దినోత్సవానికి ఆమెను పిలుద్దాం."

పరిశోధకురాలు. ఆ మాట నా పేరు పక్కన ఒక్కసారి కూడా వాడలేదు ఆయన. ఆ సాయంత్రమే ఆమెకు సంగతి చెప్పాను. ఒక్క రోజు ఆలస్యం చేసినా నా మీద నాకే అనుమానం వచ్చేది.

"నేనా? కాలేజీలోనా?" అని ఆమె గట్టు పట్టుకుంది. "నువ్వు కూడా పక్కన ఉంటావు గదా అక్కా?"

"నన్ను పిలవలేదు," అన్నాను. "ముందు వరుసలో కూర్చుంటాలే."

ఆ రోజు ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది. సభ నిండా పిల్లలు. వేదిక మీద బల్ల, బల్ల మీద గాజు పళ్లెం, దాన్ని పెద్దగా చూపించే తెర. మైకు ముందు నిలబడి ఆమె రెండు మాటలు మాట్లాడి ఆగిపోయింది. థర్మోకోల్ ముక్కకు సూదిని సరిగా గుచ్చలేకపోయింది. జారి నీళ్లలో మునిగిపోయింది. తెర మీద అది అందరికీ కనబడింది. వెనక వరుసల్లో కిసుక్కుమన్నారు. మళ్లీ పెట్టింది. మళ్లీ మునిగింది.

నా గుండె సంతోషంతో ఎగిరిపడింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. వంటింట్లో రాణి, ఇక్కడ చూడు, అనుకున్నాను. అప్పుడామె తలెత్తి నా కోసం వెతికింది. నేను కనబడగానే ఆమె ముఖంలో చిన్నపిల్లలకు వచ్చే ధైర్యం లాంటిది వచ్చింది. నా మనసులో ఏముందో ఆమెకు ఏ మాత్రం తెలియదు.

ఎప్పుడు లేచానో తెలియదు. మెట్లెక్కి మైకు తీసుకున్నాను. "ఆ సూది కుదురుకునే లోపల మీకో తెల్లగడ్డ కథ చెబుతాను," అన్నాను పిల్లలతో.

చెప్పాను. పుస్తకం ముందు లేకుండా, మా వంటింట్లో చెప్పుకున్నట్టే చెప్పాను. ఓడల్లో వెల్లుల్లి, ఎవరూ రుద్ది చూడని శతాబ్దాలు, ఒక్కడు రుద్ది చూడటం. అదే మనిషి మళ్లీ వజ్రం దగ్గర పొరపడటం. చెప్పి చెప్పి పక్కకు చూస్తే ఆమె చేతులు నిలకడగా ఉన్నాయి. సూది తేలుతోంది. ఇక నేను కథ చెబుతుంటే ఆమె చేసి చూపించింది. ఆమె దగ్గర మాట ఆగినచోట నేను అందుకున్నాను. నేను ఊపిరి తీసుకున్నచోట ఆమె అందుకుంది. డబ్బాలో అయస్కాంతం దొరికిన సంగతి ఆమె చెప్పినప్పుడు సభంతా గొల్లుమంది.

అయిపోయాక నా తరగతి పిల్లలు కొందరు చుట్టూ చేరారు. వాళ్లలో ఒకమ్మాయి, "మేడమ్, క్లాసులో మీరు ఇట్ల ఎప్పుడూ చెప్పలేదు," అంది. మెచ్చుకోలుగానే అంది. ఆ మాట ఇంటికి వచ్చేదాకా నన్ను పొడుస్తూనే ఉంది.

ఆటోలో ఆమె బయటికి చూస్తూ అంది:

"అక్కా, ఒకటి చెప్తా, ఏమీ అనుకోవద్దు. పొద్దున్నే నువ్వు బ్యాగు తగిలించుకోని మెట్లు దిగి పోతాంటే నాకు శానా కుళ్లుగా ఉంటాది. గిన్నెలు ముందరేసుకోని కిటికీలో నుంచి చూస్తాంటా. అట్ల పోయేదానికి నీ పుస్తకంలో దారి ఏమన్నా ఉందేమో అని చదివినా మొదట."

ఇలాంటి చోట జాలి కలగాలి. నాకు కలగలేదు. ముందు సంతోషం కలిగింది. అంత తెలివైన మనిషి నన్ను చూసి కుళ్లుకుంది! ఆ సంతోషం ఆటో దిగే దాకా ఉంది. ఆ తర్వాత, ఇన్ని నెలలూ ఆమె నా పుటలు ఎందుకు తిప్పిందో, ఆ మధ్యాహ్నాలు ఆమెకు ఎలా గడిచాయో ఒక్కసారి కూడా అడగలేదని గుర్తొచ్చింది.

"బీఈడీకి అప్లై చెయ్," అన్నాను మెట్ల దగ్గర. "అత్తమ్మతో నేను మాట్లాడతా."

"ఒప్పుకుంటుందంటావా?"

"నీకు ముక్కుపుడకే తీసిచ్చింది. ఇదెంత?"

అత్తమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు ఒప్పుకుంది. బీఈడీ ముగించి ఇప్పుడామె కమలాపురంలో ఒక బడిలో సైన్సు చెబుతుంది. పొద్దున ఇద్దరం ఒకేసారి మెట్లు దిగుతాం. ఆమె బడి పిల్లలు ఆమెకు పూలు తెచ్చిస్తారు. నా కాలేజీ పిల్లలు నాకు తెచ్చివ్వరు. సాయంత్రం ఆ పూలు అత్తమ్మ తలలో, నా తలలో కూడా ఉంటాయి. పెట్టుకుంటాను గానీ, అవి ఎవరి పూలో నాకు గుర్తుంటుంది.

మొన్న వేసవిలో ఇంట్లోవాళ్లంతా ఒంటిమిట్ట కల్యాణానికి బయల్దేరారు. పరీక్ష పేపర్లు దిద్దాలని నేను ఉండిపోయాను. పేపర్లు ఉన్న మాట నిజమే. కానీ నా మనసులో ఇంకోటి ఉంది. ఆ పండితులకు ఎంతో ఇష్టమైన వింత ఒకటి ఉండేది. చీకటి గది, గోడకు చిన్న రంధ్రం, అందులోంచి బయటి లోకం లోపలి గోడ మీద పడటం. నా తోడికోడలు దాన్ని ఇంకా ముట్టుకోలేదు. ఆమె కంటే ముందు నేను చేయాలనుకున్నాను.

వీధివైపు గదిలో కిటికీలకు అంగడి నుంచి తెచ్చిన నల్ల ప్లాస్టిక్ పట్టాలు కట్టాను. తలుపు కింద సందులో దుప్పటి కుక్కాను. స్టూలెక్కి దిగి చెమటలు కారాయి. పట్టాకు పెన్సిలుతో రంధ్రం చేసి, ఎదురుగోడకు తెల్ల దుప్పటి వేలాడదీసి, మంచం మీద కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ దుప్పటి మీద మసక మసకగా ఏదో కదిలింది. పైన నేల, కింద ఆకాశం. ఎదురింటి మేడ తలకిందులుగా వేలాడుతోంది. రంగులతో సహా. ఒక స్కూటరు పైకప్పును పట్టుకున్నట్టు కుడి నుంచి ఎడమకు పోయింది. ఎన్నో పుటలు రాశాను దీని గురించి. ఇలా ఉంటుందని తెలియదు. నోటి మీద చేయి పెట్టుకుని, ఒక్కదాన్నే, ఎంతసేపు కూర్చున్నానో.

తలుపు చప్పుడైంది.

"అక్కా? లోపల ఏం చేస్తాండావు? ఎండకు తల తిరిగి నేను బస్సు ఎక్కకుండా వెనక్కు వచ్చేసినా."

జవాబివ్వకుండా కూర్చుంటే వెళ్లిపోతుందేమో అనుకున్నాను. ఆ వీధి తలకిందులుగా, నా కోసమే, ఆ గోడ మీద ఉంది. ఇంకాసేపు నాకే కావాలనిపించింది.

"అక్కా?"

"బిరాన వచ్చి తలుపు మూసెయ్," అన్నాను.

వచ్చింది. చీకట్లో తడుముకుని నా పక్కన మంచం మీద కూర్చుంది. కళ్లు అలవాటు పడ్డాక ఆమె ఊపిరి ఆగిపోవడం నాకు వినిపించింది. "నువ్వు చేసినావా ఇది? నువ్వొక్కదానివే?" అంది. అవునన్నాను. నా చేయి పట్టుకుంది. ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. పూలబండి ఒకటి తలకిందులుగా వచ్చి ఆగింది.

కాసేపటికి ఆమె మెల్లగా అంది, "అక్కా, ఆ బొక్క ఇంకా రోంత చిన్నది చేస్తే గీతలు బాగా తేలుతాయేమో."

నాకు చురుక్కుమంది. లేచి, ఒక అట్టముక్కకు పెన్సిలు మొనతో చిన్న రంధ్రం చేసి, పట్టా రంధ్రానికి అడ్డం పెట్టి పట్టుకున్నాను. గోడ మీద వెలుతురు తగ్గింది. పూలబండి మీద మల్లెమూరలు విడివిడిగా కనబడ్డాయి.

"అట్లే పట్టుకో," అంది ఆమె. చేయి లాగుతున్నా అలాగే పట్టుకున్నాను.